పెట్టె లోపలి స్టిక్కరు

పర్లాకిమిడి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవి పెద్దోడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ నేనూ మీ మామ్మా క్షేమం. రాయగడలో మీరంతా క్షేమమని తలుస్తాను. మజ్జి గౌరమ్మ గుడి దగ్గర తీసుకున్న ఫోటో అందింది. దాంతోపాటే పెద్దోడు పంపిన రెండో ఫోటో కూడా అందింది. గ్రాఫిక్స్ కార్డుల, అంటే కంప్యూటర్లో ఆటల బొమ్మలు గీసే పలకల, జాబితాలో ఒకదాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, "ఇది కొనమని నాన్నకి చెప్పు తాతా" అని రాశాడు. ఫోన్లోనే చెప్పేద్దును గానీ, ఫోన్లో నా మాట సగం వింటారు, మిగతా సగానికి "సరే తాతా" అనేస్తారు. పైగా మీకు బళ్ళో ఒడియా, కంప్యూటర్లో ఇంగ్లీషు. తెలుగు చదివే పని నేనైనా పెట్టకపోతే ఇంకెవరు పెడతారు? గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఈ ఊళ్ళోనే, రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. మాట్లాడే భాషలోనే రాయండర్రా అని జీవితమంతా పోరాడిన మనిషి. అందుకని నేను కరెంటుని కరెంటనే రాస్తాను, విద్యుచ్ఛక్తి అనను.

పెద్దోడు సున్నా చుట్టింది ఆర్‌టీఎక్స్ 4060. మంచి కార్డే, కాదనను. కానీ మీ కంప్యూటరుకి అది పనికిరాదు. ఎందుకో చెప్పాలంటే మీ పెట్టె లోపలికి వెళ్ళాలి.

దసరాకి వచ్చినప్పుడు దాని పక్క మూత తీశాను, గుర్తుందా? చిట్టితల్లి టార్చి పట్టుకుంది. మూలలో బల్లి గుడ్డొకటి దొరికితే పెద్దోడు రెండు గజాలు వెనక్కి గెంతాడు. ఆ గొడవలో నేను చూపించిన అసలు సంగతి మీరు చూడలేదు. వెనక పైమూల ఇనప డబ్బా ఉంది కదా, ఫ్యాను తిరిగేది, అదే ఎస్ఎంపీఎస్. గోడలోంచి వచ్చే 230 ఓల్టుల కరెంటుని 12 ఓల్టులకి దించి లోపలి సామానుకి పంచేది అదే. దాని పక్కన ఒక స్టిక్కరు ఉంది. అందులో 240 వాట్లని ఉంది. మీ మావయ్య విశాఖలో సెకండ్ హ్యాండులో కొన్నది ఎవరిదో ఆఫీసు కంప్యూటరు. ఆఫీసులో టైపు కొట్టుకోడానికి అంతకంటే ఎందుకని ఆ లెక్కన పెట్టారు.

ఇప్పుడు కూడికలు వేద్దాం. మీ ప్రాసెసరు ఐ ఫైవ్ 6500, అది 65 వాట్ల సరుకు. బోర్డు, ర్యాము, డిస్కు, ఫ్యాన్లు అన్నీ కలిపి ఒక 35 వేసుకోండి. వంద అయింది. 4060 కార్డుకి 115. మొత్తం 215. "240 కంటే తక్కువే కదా తాతా" అంటాడు పెద్దోడు, నాకు తెలుసు.

నలభై ఏళ్ళు మోటార్ల వైండింగు చేసినవాణ్ణి, అక్కడే నాకు భయం. పొలంలో పంపుసెట్టు మోటారు స్విచ్చి వెయ్యగానే, తిరగడం అందుకునేదాకా, తన మామూలు కరెంటుకి అయిదారు రెట్లు లాగుతుంది. అది ఒకటి రెండు క్షణాలే. కానీ సన్నటి వైరు వేసినవాడి ఇంట్లో ఆ క్షణంలోనే లైట్లు గుడ్డిగా అయిపోతాయి. గ్రాఫిక్స్ కార్డుదీ కొంతవరకు అదే గుణం. ఆటలో బాంబు పేలిందో, ఒక్కసారి కొత్త దృశ్యం వచ్చిందో, రెప్పపాటులో వందో వంతు కాలం తన లెక్క దాటి లాగేస్తుంది. పెద్ద డబ్బా అయితే దాన్ని మింగేస్తుంది. అంచు మీద నడిచే డబ్బా ఠక్కున ఆగిపోతుంది, కంప్యూటరు తనంతట తానే ఆఫయిపోతుంది. మీరేమో ఆట పాడైందనుకుంటారు. ఆ 4060 పెట్టేవాళ్ళు 550 వాట్ల డబ్బా వాడమని దాని కంపెనీయే చెబుతోంది. ఊరికే చెప్పదు కదా. నా లెక్క మోటుగా ఉంటుంది: స్టిక్కరు మీదున్న అంకెలో నాలుగింట మూడు వంతులు దాటించను. 240లో అంటే 180. వంద పోతే మీ కార్డుకి మిగిలేది ఎనభై.

ఈ ఎనభై దగ్గరే మీ అదృష్టం ఉంది. బోర్డు మీద కార్డు గుచ్చే పొడుగాటి స్లాటు చూశారు కదా, దాన్ని పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటంటారు. ఆ స్లాటు తనంతట తానే 75 వాట్ల వరకు ఇస్తుంది, వేరే వైరు అక్కర్లేదు. అంతకంటే ఎక్కువ కావాల్సిన కార్డుకి డబ్బాలోంచి వేరే వైరు రావాలి: సిక్స్ పిన్ అయితే ఇంకో 75, ఎయిట్ పిన్ అయితే 150. మీ డబ్బాలోంచి అలాంటి వైరు ఒక్కటీ రావట్లేదు. నేను వెతికి చూశాను. కాబట్టి మీరు వెతకాల్సింది వేరే వైరు అడగని కార్డు, స్లాటు పెట్టింది తిని ఊరుకునే కార్డు.

"వైరు లేకపోతే కన్వర్టరు దొరుకుతుంది" అని ఎవరో ఒకరు చెబుతారు. దాని సంగతి చెప్తాను వినండి. మా వీధి చివరింటి కుర్రాడు అదే చేశాడు. డిస్కుకి పెట్టే శాటా వైరుంటుంది కదా, దానికి చిన్న కన్వర్టరు తగిలించి సిక్స్ పిన్ తయారు చేసుకున్నాడు. శాటా కనెక్టర్లో 12 ఓల్టుల పిన్నులు మూడే, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియరు మోస్తుంది. మూడూ కలిపి నాలుగున్నర, వాట్లలో 54. అవతల కార్డు 75 దాకా అడగొచ్చు. రెండు వారాలు బాగానే నడిచింది. ఒక సాయంత్రం రబ్బరు కాలిన వాసన వస్తోందని పెట్టె మోసుకుని నా షాపుకి వచ్చాడు. మూత తీసి చూస్తే, తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కు తేనె రంగుకి తిరిగింది. రెండు పిన్నుల దగ్గర మైనంలా జారి ఒకదానికొకటి అతుక్కుంది. చేత్తో ఊడలేదు, కటింగ్ ప్లేయరుతో పీకాను. ఆ ముక్కని పారెయ్యలేదు. కాలిన మోటారు కాయిల్స్ దాచిన డబ్బాలోనే పెట్టాను, వచ్చినప్పుడు చూపిస్తాను. ముట్టుకుంటే చేతికి ఇంకా నల్లగా అంటుకుంటుంది.

మరి డబ్బానే మార్చేస్తే? దుకాణంలో విడివిడి భాగాలు కొని బిగించిన కంప్యూటరైతే నేను మొదట అదే చెయ్యమందును. మీదాంట్లో కుదరదు. బోర్డుకి వెళ్ళే ప్లగ్గు బజారులో దొరికే డబ్బాల ప్లగ్గులా లేదు, ఆ కంపెనీ తనకి తాను చేసుకున్న కొలత. డబ్బా సైజు కూడా అంతే. మార్చాలంటే బోర్డూ పెట్టే కూడా మార్చాలి, ఇంక మిగిలేదేముంది?

ఆ మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను, మీ స్నేహితులకి పనికొస్తుంది. చవక డబ్బాల మీద పెద్ద అక్షరాలతో 500 అని వేస్తారు. దాని కింద చీమంత అక్షరాల పట్టిక ఉంటుంది. అందులో ప్లస్ 12 ఓల్టుల ఎదురుగా ఎన్ని ఆంపియర్లుందో చూడండి. నేను చూసినదాంట్లో 14 ఉంది. పన్నెండు పద్నాలుగుల నూట అరవై ఎనిమిది. అంటే ఆ 500 పేరు పెట్టుకున్నది అసలు పనికి ఇచ్చేది 168. మిగతాది 5 ఓల్టులకి, 3.3 ఓల్టులకి అని చూపించిన లెక్క. ఈ కాలపు ప్రాసెసరూ కార్డూ లాగేది దాదాపు అంతా 12 నుంచే. చేత్తో ఎత్తి చూస్తే అప్పడాల డబ్బాలా తేలిపోయింది. ఇనుము, రాగి ఉన్న వస్తువు బరువు లేకుండా ఉండదర్రా!

ఇక కార్డుల పేర్లు. నా ఓటు ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీ మెమరీ ఉన్నదానికి. 2024 ఫిబ్రవరిలో వచ్చింది, 70 వాట్లు, వేరే వైరు అడగనివి సులువుగా దొరుకుతాయి. కానీ ఈ ఒక్క మాట మాత్రం నాన్న చేత రెండుసార్లు చదివించండి: అదే 3050 పేరుతో 8 జీబీది కూడా ఉంది, అది 130 వాట్ల మనిషి, దానికి వైరు కావాలి. పేరొకటే, పొట్ట వేరు. దుకాణంలో అబ్బాయి "రెండు జీబీ ఎక్కువ సార్" అని అదే చేతిలో పెట్టే ప్రమాదం ఉంది.

అంత డబ్బు లేదంటే జీటీఎక్స్ 1650. 2019లోది, 75 వాట్లు. ఇందులోనూ కొన్ని మోడళ్ళకి సిక్స్ పిన్ మూతి ఉంటుంది. కొనేముందు కార్డు పైఅంచు ఫోటో అడిగి చూడండి, అక్కడ నల్లటి ప్లగ్గు ఉంటే వద్దు. దానికంటే పాతది 1050 టీఐ, 2016లోది. సెకండ్ హ్యాండులో దొరుకుతుంది. మీరాడే క్రికెట్టు ఆటకి, కార్ల ఆటకి అదైనా సరిపోతుంది.

ఏఎండీ వాళ్ళ ఆర్ఎక్స్ 6400 కూడా 53 వాట్లతో సరిపెట్టుకుంటుంది. చూడగానే నాకూ ఆశ పుట్టింది. కానీ స్లాటులో సమాచారం నడిచే దారులు పదహారు, అది వాటిలో నాలుగే వాడుతుంది. కొత్త బోర్డుల్లో ఆ నాలుగూ వేగంగా నడుస్తాయి కాబట్టి చెల్లిపోతుంది. మీది పాత తరం బోర్డు, అక్కడ ఒక్కో దారి వేగం సగమే. ఇంకో లోపం, దాంట్లో వీడియోని కుదించి దాచే భాగం లేదు. చిట్టితల్లి డ్యాన్సు వీడియోలు ఎడిట్ చేసుకుంటానంటోంది కాబట్టి దాన్ని పక్కన పెట్టేద్దాం. ఇంటెల్ వాళ్ళ ఆర్క్ కార్డులూ మీ పాత బోర్డు మీద వాటి సత్తా చూపించలేవు. జీటీ 1030 అని ఇంకోటి చూపిస్తారు, చాలా తక్కువ తింటుంది గానీ అంతే తక్కువ పని చేస్తుంది. అందులో డీడీఆర్4 అని రాసినదైతే మరీ నీరసం.

కొనేముందు స్కేలు పెట్టి కొలవండి. కార్డు వెనక రేకు ఉంటుంది కదా, పెట్టె వెనక చీలికకి బిగించేది, అది మామూలు పెట్టెల్లో పన్నెండు సెంటీమీటర్లు, సన్న పెట్టెల్లో ఎనిమిది. మీది మామూలుదే అని నా జ్ఞాపకం, అయినా కొలవండి. స్లాటు దగ్గర్నుంచి ముందున్న డిస్కు దాకా ఎంత ఖాళీ ఉందో అదీ రాసి పంపండి.

ఇంటి కరెంటు సంగతి కూడా ఉంది. 2018లో తిత్లీ తుఫాను తర్వాత కరెంటు తిరిగొచ్చిన రోజుల్లో నా షాపు నిండా ఓల్టేజీ దెబ్బతిన్న సామానే. అప్పట్నుంచి యూపీఎస్ లేని కంప్యూటరంటే నాకు పడదు. మీ ఇంట్లోది 600 వీఏ, అంటే 360 వాట్లు మోస్తుంది. ఈ కార్డుకి చాలు. అది మీకిచ్చేది మూడు నాలుగు నిమిషాలనుకోండి, అందులో సేవ్ చేసుకుని ఆపెయ్యాలి. ఇంకో ఓవర్ ఆడదామని కూర్చోకూడదు.

చివరికి మీకొక పని. వీధరుగు మీద కరెంటు మీటరుంది కదా, అందులో ఎర్ర లైటొకటి మిణుకుమిణుకుమంటుంది. పక్కన 3200 అని రాసుంటే, అది 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఆదివారం పొద్దున్న అమ్మని అడిగి ఫ్రిజ్జు, ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్క అయిదు నిమిషాలు ఆపించండి. యూపీఎస్ కూడా పక్కకి తీసి, కంప్యూటరు ప్లగ్గు గోడకే పెట్టండి. ఒకరు కంప్యూటర్లో ఆట పెట్టండి, ఒకరు మీటరు దగ్గర గడియారం పట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టండి. దాన్ని అరవైతో గుణించి 3200తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి రెండుసార్లయితే 37 వాట్ల పైమాట, అయిదుసార్లయితే 94 దాకా. ఇది గోడ దగ్గర లెక్క, డబ్బా కొంత వేడి చేసి వృథా చేసుకుంటుంది కాబట్టి లోపలికి చేరేది ఇంకా తక్కువే. నేను 65, 35 అని నోటి లెక్క వేశాను కదా, నిజంగా ఎంతో మీరే తేల్చండి. నా లెక్క తప్పయితే సంతోషంగా ఒప్పుకుంటాను, కార్డుకి ఇంకాస్త చోటు దొరుకుతుంది.

కార్డు వచ్చాక కూడా ఆటలో ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు, సెకనుకి అరవై దాటకుండా కట్టెయ్యండి. దాని సెట్టింగు ఉంటుంది, పెద్దోడికి తెలుసు. కంటికి తేడా పెద్దగా తెలీదు, కరెంటు మాత్రం బాగా తగ్గుతుంది, ఫ్యాను రొద కూడా.

సంక్రాంతికి నేనే వస్తాను, నా స్క్రూడ్రైవర్ల సంచీ తెస్తాను. అప్పటిదాకా కార్డు కొన్నా పెట్టెలో గుచ్చొద్దు. మీటరు లెక్క, స్కేలు లెక్క కాయితం మీద రాసి, తెలుగులోనే, పోస్టులో వెయ్యండి. మీ మామ్మ అరిసెలకి బెల్లం ఇప్పట్నుంచే కొనిపెట్టింది. బల్లి గుడ్డు ఉన్న మూల ఒకసారి చూడండి, పిల్ల బయటికి వచ్చి ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య