రక్తసంబంధమైతే కిడ్నీ కలిసిపోతుందా? అపోహలు - వాస్తవాలు

నేను టిష్యూ టైపింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. కిడ్నీ మార్పిడికి ముందు దాత, పేషెంటు ఇద్దరి రక్తమూ మా దగ్గరికి వస్తుంది. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత శాతం కలిసింది?" అనే. పెళ్లి సంబంధాలకు జాతకాల పొంతన చూసినట్టు మార్కులు అడుగుతారు. విషయం అంత సులువు కాదు.

అపోహ: సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కాబట్టి తప్పకుండా మ్యాచ్ అవుతుంది.

వాస్తవం: ఇది మనవాళ్ల కణం, ఇది పరాయిది అని శరీరం గుర్తుపట్టేది హెచ్ఎల్ఏ అనే గుర్తులతో. వాటి జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి సాధారణంగా ఒకే మూటగా పిల్లలకు వస్తాయి. నాన్న దగ్గర రెండు మూటలు, అమ్మ దగ్గర రెండు. బిడ్డకు చెరొకటి. అందుకే తల్లిదండ్రులతో కనీసం సగం కలుస్తుంది. తోబుట్టువుల సంగతి వేరు: పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి, సగం కలిసే అవకాశం నాలుగింట రెండు, అసలు కలవని అవకాశం నాలుగింట ఒకటి.

మన దగ్గర మేనరికాలు ఉన్నాయి కాబట్టి ఈ లెక్క ఒక్కోసారి తారుమారవుతుంది. భార్యాభర్తలిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే మూట వచ్చిందనుకోండి, వాళ్ల బిడ్డ అమ్మతోనో నాన్నతోనో పూర్తిగా కలిసిపోవచ్చు. అలాంటి రిపోర్టు వచ్చినప్పుడు శాంపిళ్లు తారుమారయ్యాయేమో అని ట్యూబుల మీద లేబుళ్లు మళ్లీ చూస్తాం. తర్వాత "మేనరికమా?" అని అడిగితే, "అవునండీ, సొంత మేనత్త కొడుకే" అంటారు.

అపోహ: బ్లడ్ గ్రూప్ ఒకటే కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: బ్లడ్ గ్రూప్ జన్యువు 9వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. హెచ్ఎల్ఏతో దానికి సంబంధం లేదు. గ్రూప్ ఒకటే ఉండి హెచ్ఎల్ఏ ఒక్కటీ కలవని అన్నదమ్ములను చాలామందిని చూశాం. పాజిటివా, నెగటివా అన్న తేడాను కిడ్నీ విషయంలో పట్టించుకోం.

అపోహ: మ్యాచింగ్ సున్నా అయితే ఆపరేషన్ చేయరు.

వాస్తవం: చేస్తారు. రక్తసంబంధం లేని భార్యాభర్తల మధ్య మ్యాచింగ్ తక్కువే ఉంటుంది, అయినా ఇప్పుడున్న మందులతో ఆ కిడ్నీలు ఏళ్ల తరబడి చక్కగా పనిచేస్తున్నాయి. ఎక్కువ కలిస్తే మంచిదే, ముఖ్యంగా హెచ్ఎల్ఏలోనే డిఆర్ అనే రకం గుర్తులు. కానీ ఆపరేషన్‌కు అసలు అడ్డుపడేది క్రాస్‌మ్యాచ్ అనే పరీక్ష.

60 గుంటలుండే చిన్న ప్లేటులో దాత తెల్లకణాలు వేసి, వాటిమీద పేషెంటు సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవం), కుందేలు రక్తం నుంచి తీసిన కాంప్లిమెంట్ (యాంటీబాడీలు అంటుకున్న కణాలను చంపే ప్రోటీన్లు) కలుపుతాం. చివర్లో రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తాం. బతికున్న కణాలు చిన్నగా మెరుస్తుంటాయి. చచ్చినవి రంగు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. చచ్చినవి ఎక్కువుంటే, ఆ దాత మీద పేషెంటు ఒంట్లో ముందే యాంటీబాడీలు తయారై కూర్చున్నాయన్నమాట; దీన్నే పాజిటివ్ అంటాం. 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు ప్రచురించిన లెక్క ఇప్పటికీ మాకు పాఠమే: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా చేసిన 30 మార్పిడుల్లో 24 వెంటనే విఫలమయ్యాయి. నెగటివ్ వచ్చిన 195 మందిలో అలా పోయినవి ఎనిమిదే.

అపోహ: కన్నకొడుకు కిడ్నీని తల్లి ఒళ్లు ఎందుకు వద్దంటుంది?

వాస్తవం: ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగానే కష్టంగా ఉంటుంది. కడుపులో బిడ్డ సగం తండ్రి గుర్తులతో పెరుగుతుంది. వాటిని తల్లి శరీరం పరాయివిగా చూసి యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. అబార్షన్ అయినా అంతే. ఏళ్లు గడిచినా ఆ జ్ఞాపకం పోదు. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె వచ్చింది. భర్త ఇస్తానన్నాడు, క్రాస్‌మ్యాచ్ పాజిటివ్. పెద్దకొడుకు ముందుకొచ్చాడు, అదీ పాజిటివే. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన మూట మీదే ఆమెకు యాంటీబాడీలున్నాయి మరి. "నేనేం పాపం చేశాను సార్" అందామె. పాపం కాదమ్మా, కాన్పులు. ఇలాంటివాళ్లకు దారులున్నాయి: యాంటీబాడీలు తగ్గించే చికిత్స, లేదంటే మరో కుటుంబంతో దాతలను మార్చుకునే స్వాప్ పద్ధతి. అవయవ మార్పిడి చట్టానికి 2011లో చేసిన సవరణ దీనికి వీలు కల్పించింది.

అపోహ: పక్క బెడ్ ఆయనకు టాక్రోలిమస్ తక్కువ, నాకు రెట్టింపు. అంటే నా కిడ్నీ పోతోంది.

వాస్తవం: టాక్రోలిమస్ అంటే కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వేసే మందు. ఇది కిడ్నీ సంగతి కాదు, మందును కరిగించే జన్యువు సంగతి. సివైపి3ఏ5 అనే ఎంజైము చురుగ్గా ఉన్నవాళ్ల ఒంట్లో ఈ మందు తొందరగా కరిగిపోతుంది, వాళ్లకు డోసు ఎక్కువ కావాలి. అందుకే రక్తంలో లెవల్ చూసి డోసు వేస్తారు. ఆ పరీక్షకు పొద్దున మాత్ర వేసుకోకముందే రక్తమివ్వాలి. వేసుకుని వచ్చేవాళ్లకు లెక్కలేదు! టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఈ లెవల్‌ను బాగా పడగొడుతుంది కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా మార్పిడి అయిందని చెప్పాలి.

అపోహ: ఫుల్ మ్యాచ్ అయితే మందులు మానేయొచ్చు.

వాస్తవం: వద్దు. హెచ్ఎల్ఏ కాక చిన్నాచితకా గుర్తులు ఇంకా చాలా ఉన్నాయి. 1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే చేసిన మార్పిడి మందులు లేకుండానే నిలిచిందంటే, ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కాబట్టే.

అపోహ: క్రాస్‌మ్యాచ్ ఒకసారి నెగటివ్ వస్తే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: ఆపరేషన్ దగ్గర పడ్డాక మళ్లీ చేసేది ఇందుకే. ఒకాయనకు నెగటివ్ వచ్చింది, తేదీ ఖాయమైంది. నీరసంగా ఉందని ఊళ్లో ఎవరో మధ్యలో రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. ఇంట్లోవాళ్లు మాకు చెప్పలేదు. రెండోసారి ప్లేటులో కణాలన్నీ ఉబ్బిపోయి కనిపించాయి; ఎక్కించిన పరాయి రక్తం మీద కూడా యాంటీబాడీలు తయారవుతాయి మరి. రక్తం ఎక్కించారా అని మేం అడిగితే, "బలానికే కదండీ" అన్నారు.