గిటార్ పికప్ గొడవ: అసలు మలుపు 1972లో

కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన పిల్లలకు ఎక్కువ అవుట్‌పుట్ ఇచ్చే పికప్ వేయించాలా వద్దా అనే వాదన తిరుపతిలో మళ్లీ రాజుకుంది. కొన్న ఆర్నెల్లకే చెన్నై నుంచి పికప్ తెప్పించుకునేవాళ్లు ఒకవైపు, నేర్పే మాస్టర్లు మరోవైపు. పికప్ అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ అని అందరికీ తెలుసు. గొడవకు మూలం వేరే ఉంది.

1972లో అమెరికాలో లారీ డిమార్జియో ‘సూపర్ డిస్టార్షన్’ తెచ్చాడు. ఫ్యాక్టరీ పికప్ తీసేసి ఆ చోట బిగించుకోడానికే తయారై, బాగా పేరు తెచ్చుకున్న తొలి పికప్ అది. సెరామిక్ అయస్కాంతం, ఎక్కువ చుట్లు. గిబ్సన్ గిటార్ కంపెనీలో ఇంజినీర్ సెత్ లవర్ 1955లో పేటెంట్‌కు పెట్టిన హంబకర్ (రెండు కాయిల్స్, అంటే రెండు తీగచుట్టలు ఉన్న పికప్) రెసిస్టెన్స్ 8 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటే దీనిది 13 దాటింది. అప్పటి వాల్వ్ యాంప్‌లలో గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే శక్తి, తక్కువ. డిస్టార్షన్, అంటే రాక్ పాటల్లో వినిపించే ఆ గరుకు ధ్వని, రావాలంటే బలమైన సిగ్నల్ పంపాలి. ఆ అవసరమే ఈ పికప్‌ను పుట్టించింది. ఇవాళ చిన్న ప్రాక్టీస్ యాంప్‌కీ గెయిన్ నాబ్ ఉంది. అవసరం తీరిపోయినా, అవుట్‌పుట్ ఎక్కువుంటేనే మంచి పికప్ అనే నమ్మకం మాత్రం నిలిచిపోయింది.

మాస్టర్ల బాధ ఇక్కడే. అంత బలమైన పికప్‌కు గెయిన్ తోడైతే మెల్లగా మీటినా గట్టిగా మీటినా దాదాపు ఒకేలా వినిపిస్తుంది. కుడిచేతి తప్పు పిల్లాడి చెవికి అందదు. భవానీ నగర్‌లో ఒక మాస్టర్ దగ్గర చూశాను. శిష్యుడి గిటార్ తీసుకుని, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, దానికీ కింద పికప్‌కూ మధ్య ఎంత ఎడం ఉందో చూశారు. పికప్ తీగను తాకేలా ఉంది. రెండు పక్కలా స్క్రూలు తిప్పి 2 మిల్లీమీటర్ల దాకా దించారు. అంతసేపూ ముద్దగా మోగిన కార్డ్‌లో ఒక్కో తీగా విడిగా పలికింది. “ముందు చెయ్యి కుదరనీ నాయనా, పికప్ యాడికీ పోదు” అన్నారు.

సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ పికప్) గిటార్‌లో 50 హెర్ట్జ్ కరెంటు మోత కొత్తవాళ్లను విసిగిస్తుందని అమ్మేవాళ్లు అంటారు. నిజమే. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేకంగా పనిచేసి ఆ మోతను చంపేస్తాయి. దానికి 8 కిలో ఓమ్‌లది చాలు. సింగిల్ కాయిల్ తీసి హంబకర్ పెట్టేటప్పుడు, వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే 250 కిలో ఓమ్ పాట్‌లు కూడా తీసి 500వి వేయకపోతే ధ్వని మొద్దుబారుతుందనే సంగతి కూడా కొనేటప్పుడే చెప్పాలి.

వాల్యూమ్ నాబ్ 10 నుంచి 6కి తగ్గించి, ఆ తేడాను చేత్తో రాబట్టగలిగి, తనకేం చాలడం లేదో శిష్యుడే చెప్పిన రోజున ఆ మాస్టర్ పికప్ మార్చమంటారు. అప్పుడు కూడా ముందు సెరామిక్ కాకుండా ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) 2 లేదా 5 రకం అయస్కాంతమున్నదే చూడమంటారు.