ఎవరు ఎవరికి భయపడ్డారు? అమెరికా రాజ్యాంగం గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

మీలో చాలామందికి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అక్కో, బాబాయో ఉండే ఉంటారు. అక్కడి అధ్యక్షుడు వీసాల మీద ఏదో ఉత్తర్వు ఇచ్చాడంటే చాలు, ఇక్కడ మన ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. ఒక్కోసారి నాలుగు రోజులు తిరక్కుండానే, ఫలానా కోర్టు దాన్ని ఆపేసిందని వార్త వస్తుంది. అంత పెద్ద దేశాధ్యక్షుడి మాటకు కింది కోర్టు జడ్జి ఎలా అడ్డుపడ్డాడని మీకు అనుమానం రావాలి. దానికి జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి, 1787 దాకా వెళ్లాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ఏడాది అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకం తక్కువ. చిన్న రాష్ట్రాలకు పెద్ద రాష్ట్రాలంటే భయం. అందరికీ రాజంటే భయం. ఆస్తిపరులకు అప్పులపాలైన రైతులంటే భయం. దక్షిణాది దొరలకు తమ బానిసలను ఎవరైనా విడిపిస్తారేమోనని భయం. ఏ నిబంధన చదివినా, ఇక్కడ ఎవరు ఎవరికి భయపడ్డారని ముందు అడగండి. బట్టీ పట్టే పని ఉండదు.

1776లో 13 వలసలు బ్రిటన్ రాజును కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. ఎక్కడో దూరాన ఉన్న ప్రభుత్వం తమను అడక్కుండా పన్నులు వేయడం పడకే కదా తిరగబడ్డారు! అందుకని వాళ్లు చేసుకున్న మొదటి ఏర్పాటులో, అంటే 1781లో అమల్లోకి వచ్చిన ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్‌లో, కేంద్రానికి పన్ను వేసే అధికారమే ఇవ్వలేదు. పాలన నడిపే అధ్యక్షుడూ లేడు. డబ్బు కావాలంటే కాంగ్రెస్, అంటే అక్కడి కేంద్ర చట్టసభ, రాష్ట్రాలను అడుక్కోవాలి. ఊళ్లో జాతరకు చందాలు అడిగినట్టే, ఇచ్చినవాళ్లు ఇచ్చారు, మిగిలినవాళ్లు చూద్దాంలే అన్నారు. యుద్ధంలో పోరాడిన సైనికులకు జీతాలు బకాయి పడ్డాయి. పోనీ దిగుమతుల మీద 5 శాతం సుంకం వేద్దామంటే దానికి అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. రోడ్ ఐలాండ్ అనే చిట్టి రాష్ట్రం వద్దనేసరికి ఆ ప్రయత్నం మూలపడింది.

1786లో మసాచుసెట్స్ పడమటి జిల్లాల రైతులు అప్పులూ పన్నులూ కట్టలేక, పొలాలు జప్తుకు పోతుంటే చూడలేక, కోర్టులు నడవకుండా అడ్డం కూర్చున్నారు. వాళ్ల నాయకుల్లో ఒకడు డేనియల్ షేస్, స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసినవాడు. 1787 జనవరిలో ఆ రైతులు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళితే ఫిరంగులు పేల్చారు. నలుగురు చనిపోయారు. తిరుగుబాటును అణచడానికి కేంద్రం చేతిలో సైన్యం లేదు. బోస్టన్ వ్యాపారులు డబ్బు వేసుకుని సైన్యాన్ని పోగుచేయాల్సి వచ్చింది. దేశమంతటా కలిగినవాళ్లు హడలిపోయారు.

ఆ హడలులోనే 1787 మే 25న ఫిలడెల్ఫియాలో సమావేశం మొదలైంది. 12 రాష్ట్రాల నుంచి మొత్తం 55 మంది వచ్చారు. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షత వహించాడు. లోపలి మాట బయటికి పొక్కకూడదని నియమం పెట్టుకున్నారు. అయినా ఈనాడు మనకు ఇంత వివరంగా తెలుస్తోందంటే, వర్జీనియా నుంచి వచ్చిన 36 ఏళ్ల జేమ్స్ మాడిసన్ రోజూ కూర్చుని రాసుకున్న నోట్సే కారణం. ఆయన పోయాక 1840లో అవి అచ్చయ్యాయి.

అన్నిటికన్నా పెద్ద పేచీ సీట్ల దగ్గర వచ్చింది. జనాభాను బట్టి సీట్లు ఉండాలని వర్జీనియా. అలా అయితే మమ్మల్ని మింగేస్తారు, రాష్ట్రానికి ఒక ఓటు చాలని న్యూజెర్సీ. జూన్ 30న డెలావేర్ ప్రతినిధి గన్నింగ్ బెడ్‌ఫర్డ్ లేచి, పెద్ద రాష్ట్రాలు మొండికేస్తే మాకు చేయందించే విదేశీ మిత్రులు దొరక్కపోరని మొహమ్మీదే అనేశాడు. బ్రిటన్ నుంచి విడిపడి పట్టుమని పదేళ్లు దాటిందో లేదో, అప్పుడే ఈ మాట! చివరికి కనెక్టికట్ వాళ్లు మధ్యేమార్గం చెప్పారు. ఒక సభలో జనాభా లెక్క, రెండో సభలో అందరికీ సమానం. జూలై 16న ఓటింగ్ జరిగింది. అయిదు రాష్ట్రాలు సరేనన్నాయి, నాలుగు కాదన్నాయి. మసాచుసెట్స్ ప్రతినిధులు సగం ఇటు, సగం అటు అయి వాళ్ల ఓటు లెక్కలోకి రాలేదు. న్యూయార్క్ వాళ్లు ఇద్దరు అలిగి అప్పటికే వెళ్లిపోయారు. అంటే ఒక్క రాష్ట్రం తేడాతో నిలబడిన ఒప్పందం అది. మర్నాడు పొద్దున్నే పెద్ద రాష్ట్రాల వాళ్లు ఏం చేద్దామని విడిగా కూడారు, ఏదీ తేలక లేచిపోయారు.

ఆ ఒక్క ఓటు ఇప్పటికీ పనిచేస్తోంది. 2020 జనాభా లెక్కల్లో కాలిఫోర్నియా జనం 3.95 కోట్లు, వయోమింగ్ జనం 6 లక్షల లోపు. ఆ రెండో సభ పేరు సెనేట్, అందులో ఇద్దరూ సమానమే, చెరి రెండు సీట్లు. ప్రతినిధుల సభలో ఉన్న 435 సీట్లు మాత్రం జనాభాను బట్టి పంచుతారు. ఏ చట్టమైనా రెండు సభలూ దాటాల్సిందే. ఇది నాకు న్యాయంగా తోచదు. కానీ ఆ రోజు ఇది లేకపోతే దేశమే లేదు.

ఇక బానిసల సంగతి. దక్షిణాది వాళ్లు తమ బానిసలకు ఓటు ఇవ్వరు, మనుషులుగా చూడరు, సీట్ల లెక్కకు మాత్రం వాళ్ల తలలు కలపమన్నారు. ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్కకట్టేందుకు బేరం కుదిరింది. 1808 వరకూ బానిసల దిగుమతిని కాంగ్రెస్ నిషేధించకూడదని కూడా రాసుకున్నారు. ఆ రోజుల్లో అందరూ అంతేలే అని మీతో ఎవరైనా అంటే నమ్మకండి. ఆగస్టు 8న అదే గదిలో పెన్సిల్వేనియా ప్రతినిధి గవర్నూర్ మోరిస్ బానిసత్వం నీచమైన వ్యవస్థ అని గట్టిగా మాట్లాడాడు. రాజ్యాంగ పాఠానికి చివరి మెరుగులు దిద్దింది కూడా ఆయనే. తెలిసే చేశారు. ఆ అప్పు 1861 నుంచి 1865 వరకూ అంతర్యుద్ధంలో 6 లక్షల పైచిలుకు ప్రాణాలతో తీరింది. ఆ తర్వాత 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. అమెరికా గడ్డ మీద పుట్టి, ఆ దేశ చట్టానికి లోబడినవాళ్లంతా పౌరులేనని 1868లో 14వ సవరణ చెప్పింది. విముక్తులైన నల్లజాతి ప్రజల కోసం రాసిన ఆ వాక్యమే, చైనా తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌కు కూడా వర్తిస్తుందని 1898లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ పుట్టిన తెలుగు పిల్లల పాస్‌పోర్టుల వెనక ఇంత కథ ఉంది.

రాజంటే భయం ఉందన్నాను కదా. అధ్యక్షుడి అధికారాలు చూడండి. సేనలకు అధిపతి ఆయనే, కానీ యుద్ధం ప్రకటించే హక్కు కాంగ్రెస్‌ది. ఖజానా తాళాలూ కాంగ్రెస్ దగ్గరే. సంధి చేసుకుంటే సెనేట్‌లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. చట్టాన్ని ఆయన వీటో చేయగలడు, కానీ రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మెజారిటీ వస్తే ఆ వీటో చెల్లదు. మన ప్రధాని పార్లమెంటులోనే కూర్చుంటాడు, లోక్‌సభ విశ్వాసం పోతే దిగిపోవాలి. అక్కడ మంత్రి అయినవాడు కాంగ్రెస్ సభ్యుడిగా ఉండకూడదు. అవిశ్వాస తీర్మానమూ లేదు. అధ్యక్షుణ్ణి దించాలంటే ప్రతినిధుల సభ అభిశంసించాలి, సెనేట్ విచారించి మూడింట రెండొంతుల ఓట్లతో దోషి అనాలి. ఇప్పటిదాకా అలా పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు మీ అనుమానం దగ్గరికి వద్దాం. ఫెడరల్ జడ్జిలను అధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత వాళ్లకు రిటైర్మెంట్ వయసు లేదు, జీతం తగ్గించే వీలు లేదు. అంటే భయపెట్టడానికి ఏ పట్టూ మిగల్లేదు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టం చెల్లదని కోర్టులు కొట్టేయొచ్చని రాజ్యాంగంలో విడిగా రాసి లేదు. 1803లో మార్బరీ కేసులో ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ అలా తేల్చాడు, అదే నిలిచింది. 1974 జూలై 24న, ఎదుటి పార్టీ ఆఫీసులో చొరబాటుతో మొదలైన వాటర్‌గేట్ వ్యవహారంలో, తన ఆఫీసులో రికార్డయిన మాటల టేపులు అప్పగించాల్సిందేనని సుప్రీంకోర్టు అధ్యక్షుడు నిక్సన్‌ను ఆదేశించింది. ఎనిమిది మంది జడ్జిలదీ ఒకే మాట. వాళ్లలో ముగ్గురిని నియమించింది స్వయంగా నిక్సనే! ఆగస్టు 9న ఆయన రాజీనామా చేశాడు. కోర్టు దగ్గర సైన్యం లేదు, డబ్బు లేదు, అయినా దేశాధ్యక్షుడు టేపులు ఇచ్చాడు. ఆ తీర్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జడ్జిలకూ భయపడినవాళ్లు ఉన్నారు. 1905లో రొట్టెల కార్మికుల చేత రోజుకు 10 గంటలకు మించి పని చేయించకూడదన్న న్యూయార్క్ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మన రాజ్యాంగం రాసేటప్పుడు, జడ్జిల చేతికి అంత వెసులుబాటు ఇస్తే మంచి చట్టాలూ ఆగిపోతాయన్న వైపు గట్టిగా మాట్లాడినవాళ్లలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. ఆయన నెల్లూరు జిల్లాలో పుట్టినవాడు, మన ముసాయిదా కమిటీ సభ్యుడు.

ఫిలడెల్ఫియాలో సెప్టెంబర్ 17న 39 మంది సంతకాలు పెట్టారు. పౌరుల హక్కుల జాబితా లేదని వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ పెట్టనన్నాడు. 13లో 9 రాష్ట్రాలు ఒప్పుకుంటే చాలు, 1788 జూన్ 21న న్యూహాంప్‌షైర్‌తో ఆ లెక్క నిండింది. రోడ్ ఐలాండ్ 1790 దాకా బిగుసుకుని, చివరికి 34-32 ఓట్లతో దిగొచ్చింది. మేసన్ లాంటివాళ్ల పట్టుదల ఊరికే పోలేదు. 1789లో కాంగ్రెస్ 12 సవరణలు పంపితే, 1791 నాటికి 10 ఆమోదం పొందాయి. వాక్ స్వాతంత్ర్యం, మత స్వేచ్ఛ వాటిలోవే.

మిగిలిన రెండింటిలో ఒకటి కాంగ్రెస్ సభ్యులు తమ జీతం తాము పెంచుకోవడం గురించి: పెంపు మళ్లీ ఎన్నికలయ్యాకే అమలు కావాలని. రాష్ట్రాల ఆమోదం చాలక అది అటకెక్కింది. 1982లో టెక్సస్ యూనివర్సిటీలో చదువుతున్న గ్రెగరీ వాట్సన్, దానికి గడువేమీ లేదు కాబట్టి ఇప్పటికీ ఆమోదించవచ్చని వ్యాసం రాశాడు. సీ గ్రేడు వేశారు. అతను ఊరుకోలేదు, రాష్ట్రాల శాసనసభ్యులకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. ఒక్కో రాష్ట్రమే ఒప్పుకుంటూ వచ్చి 1992లో అది 27వ సవరణ అయింది, పంపిన 203 ఏళ్లకి. 2017లో యూనివర్సిటీ ఆ గ్రేడును ఏ గా మార్చింది.

ఈసారి రాసేటప్పుడు మీకు ఏ నిబంధన వింతగా అనిపించిందో చెప్పండి. అందులో ఎవరి భయం ఉందో కలిసి వెతుకుదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య