బెజవాడలో సర్వే అంటే ఎందుకు భయం?

వన్‌టౌన్‌లోనో ఆటోనగర్‌లోనో ట్యాబ్ పట్టుకున్న మనిషి వచ్చి "నెలకు అమ్మకం ఎంత ఉంటుందండీ?" అని అడిగితే షాపు యజమానికి ముందు గుర్తొచ్చేది జీఎస్టీ. ఇంటి దగ్గరైతే రేషన్ కార్డు, పింఛను. ఈ టెన్షన్ ఊరికే పుట్టింది కాదు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం చేసిన ప్రజాసాధికార సర్వే ఇంటింటికీ వచ్చి ఆధార్‌తో సహా వివరాలు ఎక్కించుకుంది. 2019 నుంచి వాలంటీర్లు, సచివాలయ సిబ్బంది పథకాల అర్హత కోసం మళ్లీ మళ్లీ వచ్చారు. అవి పేరుపేరునా రాసుకునే లెక్కలు. చెప్పిన జవాబు ఫలితం ఆ ఇంటికే తగులుతుంది.

జాతీయ గణాంక సర్వేల పుట్టుక వేరు. మన దేశంలో జనాభా లెక్కలు 1872లో మొదలయ్యాయి. దేశమంతా ఒకే సమయంలో జరిగింది 1881లో. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చేసిన జనగణన చట్టంలో ఒక గట్టి రక్షణ ఉంది. 15వ సెక్షన్ ప్రకారం జనం వివరాలు రాసుకున్న ఫారాలను బయటివాళ్లెవరూ చూడకూడదు, సాక్ష్యంగానూ వాడకూడదు. ఇంత విలువైన మాటను గుమ్మం దగ్గర చెప్పేవాళ్లు తక్కువ.

పదేళ్లకోసారి తలలు లెక్కపెడితే పేదరికం, ఉపాధి, ఖర్చులు తెలియవు. జాతీయ ఆదాయం లెక్కగట్టడానికి 1949లో గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ అధ్యక్షతన వేసిన కమిటీకి సమాచారంలో అన్నిచోట్లా ఖాళీలే ఎదురయ్యాయి. ఆయన అప్పటికే బెంగాల్ జనపనార పంటను శాంపిల్ పద్ధతిలో, అంటే కొన్నిచోట్ల మాత్రమే చూసి మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతిలో, అంచనా కట్టి ఉన్నారు. ఆ అనుభవంతోనే 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. మహలనోబిస్ కలకత్తాలో పెట్టిన గణాంక సంస్థలో 1941లో చేరి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు చిన్నప్పుడు నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకున్నవారే. శాంపిల్ లెక్కల శాస్త్రానికి మన ప్రాంతం అంత దూరమేమీ కాదు.

వ్యాపారాల దగ్గర లెక్క రెండుగా చీలింది. చట్టం కింద రిజిస్టరైన ఫ్యాక్టరీలు వార్షిక పరిశ్రమల సర్వేలోకి వస్తాయి. ఆటోనగర్‌లో ఐదారుగురితో నడిచే బాడీ బిల్డింగ్ షెడ్డు, గుంటూరు పట్నంబజారులో సొంతదారు ఒక్కడే చూసుకునే కొట్టు అసంఘటిత సంస్థల సర్వేలోకి వస్తాయి. జీఎస్టీ ఆఫీసుకు చిట్టా పంపడం ఈ సర్వేల పని కాదు. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం ప్రకారం ఇచ్చిన సమాచారాన్ని గణాంక అవసరాలకే వాడాలి, ఎవరిదో తెలిసేలా బయటపెట్టకూడదు.

ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో తేల్చే జాతీయ కార్మిక సర్వేలో ఎంపిక చేసిన ఒక్కో ప్రాంతం నుంచి పన్నెండు ఇళ్లు తీసుకుంటారు. దేశం మొత్తం మీద ఏడాదికి సుమారు 2.72 లక్షల ఇళ్లు. అంటే ఒక్కో ఇల్లు దాదాపు వెయ్యి ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. నిరుద్యోగి కొడుకును "ఏదో చేస్తున్నాడు" అని దాస్తే ఆ అబద్ధం కూడా వెయ్యి రెట్లు అవుతుంది.

జనం భయం కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది పునాది పాతబడటం. ఈ సర్వేలకు గ్రామాల ఎంపికకూ, జనాభా అంచనాలకూ ఆధారం ఇప్పటికీ 2011 జనగణనే. 2021లో జరగాల్సింది కోవిడ్‌తో ఆగి, తర్వాత ఏళ్ల తరబడి ఆగింది. ఈలోగా 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లా నుంచి బెజవాడ ఉన్న ఎన్టీఆర్ జిల్లా వేరుపడింది, గుంటూరు మూడుగా విడిపోయింది. 2025 జనవరి నుంచి కార్మిక సర్వేలో జిల్లానే ఎంపికకు ప్రధాన యూనిట్ చేశారు. ఎన్టీఆర్ జిల్లాకు మాత్రం సొంత జనగణన ఒక్కటీ లేదు. గుంటూరుకు ఇది కొత్త కాదు. అది జిల్లా అయ్యింది 1904లో, కాబట్టి 1901 లెక్కల్లో గుంటూరు జిల్లానే ఉండదు. కానీ అప్పట్లో 1911కల్లా కొత్త లెక్క వచ్చేసింది.

ఈ ఆలస్యం ధర పేదల కంచంలో కనిపిస్తుంది. 2013 ఆహార భద్రత చట్టం కింద దేశంలో ఎంతమందికి రేషన్ ఇవ్వాలో 2011 జనాభాతోనే తేల్చారు. ఆ తర్వాత పెరిగిన జనానికి ఆ కోటాలో చోటు లేదు.

2025 జూన్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం వచ్చే జనగణన 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తుంది. కులం కూడా అడుగుతారు. జనగణనలో అన్ని కులాల లెక్కలూ చివరిగా ప్రకటించింది 1931లో. అంత సున్నితమైన ప్రశ్న వేసే ముందు జనగణన చట్టం 15వ సెక్షన్‌లో ఏముందో వివరాలు రాసుకోవడానికి వచ్చే ఎన్యూమరేటర్ ప్రతి ఇంట్లోనూ రెండు ముక్కల్లో చెప్పాలి. శిక్షణలోనే ఆ ఏర్పాటు జరగాలి.