లోపల గడియ, డాలస్‌లో అలారం

పొద్దున తొమ్మిదైనా గుమ్మం దగ్గర పాల ప్యాకెట్ అలాగే ఉంటే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. గుంటూరు బ్రాడీపేటలోనైనా, విజయవాడ సత్యనారాయణపురంలోనైనా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను కనిపెట్టుకునే ఏర్పాటు చాలాకాలం ఇంతే. ఇప్పుడు ఆ పని హాల్లో కెమెరా, చేతికున్న వాచీ చేస్తున్నాయి. కబురు వెళ్లేది మాత్రం పక్కింటికి కాదు, డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న పిల్లలకు. ఇంత దూరం ఎలా వచ్చిందో చెప్పాలంటే కృష్ణ నీళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవ కింద పొలాలున్న ఇళ్లలో తినగా మిగిలిన డబ్బు చదువుల్లోకి మళ్లింది. 1946లో గుంటూరులో మెడికల్ కాలేజీ పెట్టారు. 1977లో విజయవాడ పక్కన కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. ఈ రెంటి నడుమ, 1965లో, అమెరికా దేశాలవారీ వలస కోటాలు ఎత్తేసింది. ముందు డాక్టర్లు వెళ్లారు, 1990ల నుంచి కంప్యూటర్ చదువులవాళ్లు వెళ్లారు. డాక్టర్ల కాలంలో ఇంటికి నలుగురైదుగురు పిల్లలు. ఒకడు వెళ్లినా పొలం చూసుకునేవాడు ఇంకొకడు ఊళ్లో ఉండేవాడు. సాఫ్ట్‌వేర్ కాలానికి ఉన్నది ఇద్దరే, ఇద్దరూ విమానం ఎక్కారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సగటు మహిళకు 1.7. ఇద్దరికి మించి కన్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో పెట్టిన నిబంధనను 2024లో ప్రభుత్వమే తీసేసింది.

ఉమ్మడి కుటుంబం ఉన్నంతకాలం అంతా బాగుందని అనుకోనక్కర్లేదు. మంచం పట్టిన మామగారికి ఒళ్లు తుడిచింది, అర్ధరాత్రి లేచింది కోడలు. ఆ చాకిరీకి లెక్కాపత్రం ఎవరూ రాయలేదు. కొడుకులు విడిపోయాక నెలకొకరింట్లో వంతులు వచ్చాయి. వంతు మారే రోజున చేతిసంచీతో గుమ్మంలో నిలబడిన ముసలమ్మను చూసినవాళ్లు ఆ పద్ధతిని మెచ్చుకోరు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో కేంద్రం చట్టం చేసింది. నెలకు 10,000 రూపాయల దాకా భృతి ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతకోతలు చెల్లకుండా చేయవచ్చు. ఆ ఫిర్యాదులు విదేశాల్లో ఉన్న పిల్లల మీదే వస్తాయనుకుంటే పొరపాటు, అదే వీధిలో కాపురముండే కొడుకుల మీదా వస్తాయి.

దూరమున్నవాళ్లకు దారి ఫోను. మొదట ఏరోగ్రామ్, ట్రంక్ కాల్, తర్వాత వీధి చివర ఎస్టీడీ బూత్. 2003లో సెల్‌ఫోన్ ఇన్‌కమింగ్‌కు చార్జీ పోయింది. 2016లో డేటా చవకై, అదే ఏడు వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చాక మనవడి ముఖం రోజూ కనిపించసాగింది. ఇన్ని మారినా ఇటునుంచి వెళ్లే మాట ఒక్కటే: “మేం బాగానే ఉన్నాం నాన్నా, నువ్వు బెంగపెట్టుకోకు.” బాత్‌రూమ్‌లో జారిన సంగతి, షుగర్ మాత్రలు అయిపోయిన సంగతి వారం తర్వాత ఎవరో బంధువు చెబితే తెలిసేది. నా ఉద్దేశంలో ఈ పరికరాలకు ఇక్కడ గిరాకీ తెచ్చింది ఆ మాటే. అమ్మ చెప్పనిది యంత్రం చెబుతుంది.

యంత్రాలు మాత్రం మన దగ్గర పుట్టినవి కావు. మెడలో వేసుకుని ఆపదలో నొక్కే మీట 1970ల నాటికే అమెరికా, జర్మనీల్లో ఉంది. జపాన్‌లో జోజిరుషి కంపెనీ 2001లో ఒక కెటిల్ తెచ్చింది. పెద్దావిడ టీకి నీళ్లు తీసుకుంటే కూతురికి సందేశం వెళ్తుంది. మన పాల ప్యాకెట్ లెక్కే, తీగ తగిలించారు. 2018 నుంచి ఆపిల్ వాచీ పడిపోవడాన్నీ పసిగడుతోంది: ఒక్కసారిగా కుదుపు, ఆ వెంటనే కదలిక లేకపోవడం. పలకరిస్తుంది, జవాబు లేకపోతే ఫోన్ చేస్తుంది. కానీ మనవాళ్లు ఎక్కువగా జారేది బాత్‌రూమ్‌లో, స్నానానికి వెళ్లేముందు వాచీ తీసి బీరువా మీద పెడతారు. ఇక కెమెరా సంగతి. విజయవాడ పటమటలో నేను చూసిన ఒక ఫ్లాట్‌లో మధ్యాహ్నమైతే దాని మీద తువ్వాలు పడుతుంది. చీర కొంగు ఎలా ఉందో ఖండాంతరం నుంచి ఎవరైనా చూస్తుంటే కునుకు పడుతుందా?

పిల్లలు ఆటో నడిపేవాళ్లో, మిర్చి యార్డుకు కూలికి వెళ్లేవాళ్లో అయిన ఇళ్లలో స్మార్ట్ టెక్నాలజీ అంటే పింఛను రోజు ఎదుటికి వచ్చే వేలిముద్ర మిషనే. జీవితమంతా పనిచేసిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి ముద్ర పడదు. రిటైరైన ఉద్యోగుల లైఫ్ సర్టిఫికెట్ కోసం 2014లో వేలిముద్ర, కనుపాపలతో జీవన్ ప్రమాణ్ తెచ్చినా, 2021లో ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా చేర్చాల్సి వచ్చింది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే వైఫై లేదు, వైఫై లేకపోతే కెమెరా లేదు. అన్నం పొట్లాలు డ్రోన్లతో దించిన ఆ రోజుల్లో మేడ మీదివాళ్లు కింది ఇంటి పెద్దవాళ్లను పైకి తెచ్చుకున్నారా లేదా అన్నదే లెక్క.

వరద లేని రోజున కూడా వాచీ చేయగలిగింది కబురు చెప్పడం వరకే. 2005లో మొదలైన 108 అంబులెన్స్ గేటు దాకా వస్తుంది. తర్వాత లిఫ్టు, తలుపు, లోపల గడియ. దొంగల భయంతో రాత్రి పెద్దవాళ్లు గడియ పెట్టుకుంటారు, పగలూ తీయరు. అందుకే కొన్ని అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు పై గడియ ఊడదీయించి, బయటినుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం బిగిస్తున్నారు. రెండో తాళంచెవి ఎదురు ఫ్లాట్‌లో ఉంటుంది. వాచీలో ఎమర్జెన్సీ నంబర్లు అడిగినచోట మొదటిది అమెరికా అబ్బాయిది కాదు, వాచ్‌మన్‌ది.