సముద్రానికి వీపు తిప్పిన ఇళ్ళు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో బ్రైటన్ అనే ఊరుంది. మూడు వందల ఏళ్ళ కిందట అది చేపలు పట్టేవాళ్ళ ఊరు, అదీ చితికిపోయిన ఊరు. 1514లో ఫ్రెంచివాళ్ళు సముద్రం మీదుగా వచ్చి తగలబెట్టి పోయారు. 1703లో, 1705లో వచ్చిన తుఫానులు ఒడ్డున దిగువగా మిగిలిన ఇళ్ళను దెబ్బతీశాయి. అలాంటి చోట ఇల్లు కట్టుకునేవాడు కిటికీ ఎటు పెడతాడు? సముద్రం వైపు మాత్రం పెట్టడు. అటునుంచి వచ్చేవి ఉప్పుగాలి, జడివాన, శత్రువులు. పగలంతా నీళ్ళతో పెనుగులాడి ఇల్లు చేరినవాడికి మళ్ళీ ఆ నీళ్ళనే చూస్తూ కూర్చోవాలన్న కోరిక ఎందుకుంటుంది?

నూరేళ్ళు తిరిగేసరికి అదే ఊళ్ళో కొత్త ఇళ్ళన్నీ సముద్రానికి ఎదురుగా వరుసలు తీరాయి. ఏ మూల కూర్చున్నా అలలు కనబడాలని కిటికీలను విల్లులా ముందుకు వంచి కట్టారు. ఈ మధ్యలో సముద్రంలో వచ్చిన మార్పేమీ లేదు. దాని దగ్గరికి వెళ్ళడానికి జనానికి ఒక కారణం దొరికిందంతే. తీర విహార పట్టణాల కథంతా ఆ కారణాల కథే. చిత్రమేమిటంటే, ఆ కారణం దాదాపు ఎప్పుడూ ఆ ఊళ్ళో పుట్టదు. ఎక్కడో దూరాన ఒక వైద్యుడో, రైలు కంపెనీయో, చట్టసభో దాన్ని పుట్టిస్తుంది.

మొట్టమొదటి కారణం మందుచీటీ.

ఉత్తర ఇంగ్లండులోని స్కార్‌బరోలో 1620లలో సముద్రపు ఒడ్డునే ఒక ఖనిజజలపు ఊట బయటపడింది. ఆ నీళ్ళు తాగితే రోగాలు తగ్గుతాయని జనం రాసాగారు. ఊట పక్కనే సముద్రం. ఈ కాసిన్ని నీళ్ళకే ఇంత గుణముంటే అన్ని నీళ్ళకు ఎంతుండాలి అనుకున్నారేమో, రాబర్ట్ విటీ అనే వైద్యుడు 1660లలో సముద్రస్నానాన్ని కూడా చికిత్సలో చేర్చాడు. 1735 నాటి ఒక స్కార్‌బరో చిత్రంలో ఒడ్డున చక్రాల మీద నిలిచిన స్నానపు గది, నీళ్ళలో మనుషులు కనిపిస్తారు. ఆ గదిలోకెక్కి బట్టలు మార్చుకుంటే గుర్రం దాన్ని నీళ్ళలోకి లాగేది. రోగి వెనక తలుపు తెరుచుకుని మెట్లు దిగితే నేరుగా అలల్లోకే.

దీన్ని దేశమంతటా అంటించినవాడు రిచర్డ్ రసెల్ అనే వైద్యుడు. గ్రంథుల జబ్బులకు సముద్రజలం ఎలా వాడాలో చెబుతూ 1750లో లాటిన్‌లో ఒక గ్రంథం రాశాడు. కొద్దికాలంలోనే అది ఇంగ్లీషులోకి వచ్చి బాగా అమ్ముడుపోయింది. 1753లో ఆయన బ్రైటన్‌లో, పల్లెకారులు వలలు ఆరబెట్టుకునే మైదానం అంచున, సముద్రానికి దగ్గరగా పెద్ద ఇల్లు కట్టి రోగుల్ని అక్కడే పెట్టుకున్నాడు. వైద్యం రెండు రకాలు: చల్లటి నీళ్ళలో మునగడం, ఆ నీళ్ళే తాగడం. పొద్దున్నే సుమారు అర లీటరు!

ఆ అర లీటరులో ఏముందో ఇప్పుడు లెక్క కట్టగలం. సముద్రజలం లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలు మోస్తుంది. అంటే అర లీటరుతో 17 గ్రాములు కడుపులోకి పోతాయి. అందులో మెగ్నీషియమే అర గ్రాము పైన. పేగుల్లోకి నీటిని లాగి విరేచనం చేయించడానికి అది చాలు. శరీరంలోని చెడు బయటికి పోవాలని నమ్మిన ఆనాటి వైద్యానికి ఇది అచ్చంగా కావలసిన ఫలితం, రోగికి కూడా మందు పనిచేసినట్టే అనిపించేది. అయోడిన్ వల్ల గ్రంథులు బాగుపడి ఉంటాయని కొందరు సమర్థిస్తారు. కానీ లీటరు సముద్రజలంలో ఉండే అయోడిన్ 60 మైక్రోగ్రాములకు మించదు, మనిషికి రోజుకు కావలసింది 150. పైగా రసెల్ దగ్గరకు వచ్చినవాళ్ళలో చాలామందిది గండమాల. మెడలో బిళ్ళలు కట్టించే ఆ జబ్బు ఎక్కువగా క్షయ సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఆ సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ చూపించింది 1882లో. ఉప్పునీళ్ళు తాగితే అది చావదు.

స్నానం సంగతి వేరు. ఆ తీరంలో చలికాలపు నీళ్ళు 8 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఉన్నట్టుండి అందులో మునిగితే చర్మం మీది నాడులు ఒక్కసారిగా మేలుకుంటాయి, ఊపిరి ఎగబీలుస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, బయటికి వచ్చాక కాసేపు ఒళ్ళంతా తేలికైనట్టు ఉంటుంది. కొందరికి ఆ మొదటి నిమిషమే ప్రాణం మీదికి వస్తుంది కూడా. రోగులు తమంతట తాము మునగరు కాబట్టి ముంచడానికి మనుషులు కావలసి వచ్చింది. బ్రైటన్‌లో మార్తా గన్ అనే దృఢకాయురాలు ఈ పనిలో ఎంత పేరు తెచ్చుకుందంటే 1815లో ఆమె చనిపోయేనాటికి దేశమంతా ఎరిగిన మనిషి. వలలు ఆరబెట్టే మైదానం మాత్రం మెల్లగా పెద్దమనుషుల షికారు చోటుగా మారింది. వలలవాళ్ళు గొడవపడ్డారు గానీ నిలవలేకపోయారు.

మరి జనం నిజంగా బాగుపడలేదా? చాలామంది బాగుపడే ఉంటారు. బొగ్గుపొగ నిండిన లండన్ వదిలి నెలరోజులు నడిచి, తిని, నిద్రపోతే సగం జబ్బులు సముద్రం లేకుండానే తగ్గుతాయి. తర్వాతి తరం వైద్యులు ఒడ్డుగాలిలో ‘ఓజోన్’ ఉందన్నారు, ఆ వాసనే ఆరోగ్యమన్నారు. హోటళ్ళ ప్రకటనల నిండా అదే మాట. అసలు ఆ వాసనలో ముఖ్యమైన భాగం డైమిథైల్ సల్ఫైడ్. సముద్రపు నాచు, నీళ్ళలో తేలే సూక్ష్మమైన ప్లవకాలు తయారుచేసుకునే ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు వెలువడే వాయువది. ఓజోన్ ఎక్కువగా పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. అక్కడ అది లేకపోవడమే మేలైంది.

వైద్యుల వెనక రాజులు వచ్చారు. కాబోయే నాలుగో జార్జి 1783లో బ్రైటన్‌కు వచ్చి ఆ ఊరిని వదల్లేకపోయాడు. అతని తండ్రి మూడో జార్జి 1789లో వేమత్‌లో మునిగినప్పుడు పక్క బండిలోంచి వాద్యగాళ్ళు రాజగీతం వాయించారు. జర్మనీలో 1793లో ఒక డ్యూక్ తన వైద్యుడి సలహాతో హైలిగెన్‌డామ్‌ను మొదలుపెట్టాడు. ఫ్రాన్సులో బియారిట్జ్ దశ తిరగడానికి మూడో నెపోలియన్ భార్య యూజెనీ అక్కడ విడిది కట్టుకోవడం చాలు. రాజు దిగిన ఊరికి జమీందారు, జమీందారు దిగిన ఊరికి వ్యాపారి రావడం ఎక్కడైనా మామూలే.

అయితే పదిమంది గొప్పవాళ్ళ వల్ల ఊరు పట్టణం కాదు. రవాణా కావాలి. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇక్కడి పియర్ల సంగతి, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి వేసిన వంతెనల సంగతి. లండన్‌కు ధాన్యం మోసే మార్గేట్ పడవలు తిరుగుదారిలో మనుషుల్ని ఎక్కించుకునేవి. తర్వాత ఆవిరి పడవలు వచ్చాయి. చిక్కేమిటంటే, స్నానానికి అనువైన ఒడ్డు పడవకు పనికిరాదు. మెల్లగా లోతెక్కే ఇసుక తీరంలో పడవ దూరంగానే ఆగిపోతుంది. అందుకని పడవ దగ్గరికే నేలను తీసుకెళ్ళారు: సముద్రంలోకి పొడవాటి వంతెన వేసి, చివర లోతు దొరికిన చోట పడవ కట్టారు. రైడ్‌లో 1814లో, బ్రైటన్‌లో 1823లో ఇవి వెలిశాయి. మెత్తటి ఇసుకలో స్తంభం నిలవడానికి అలెగ్జాండర్ మిచెల్ అనే ఐర్లండ్ ఇంజినీరు మరమేకులాంటి ఇనుప పాదం కనిపెట్టాడు. దాన్ని సమ్మెటతో కొట్టరు, తిప్పుతూ దింపుతారు. మిచెల్ చూపు లేని మనిషి.

పడవలు దిగేవాళ్ళకన్నా ఊరికే నడిచొచ్చేవాళ్ళు ఎక్కువైనప్పుడు పియర్ల యజమానులకు అసలు విషయం బోధపడింది. కడుపులో తిప్పకుండా సముద్రం మీద తిరిగి రావడానికి మనుషులు డబ్బులిస్తారు! రైళ్ళు వచ్చి పడవల పని పోయాక కూడా పియర్లు కడుతూనే పోయారు. సౌత్‌ఎండ్‌లో ఉన్నది 2 కిలోమీటర్లు దాటింది, దాని మీద చిన్న రైలు కూడా నడుస్తుంది.

రైలు బ్రైటన్‌కు 1841లో వచ్చింది. 1801లో సుమారు 7 వేలున్న జనాభా 1851కి 65 వేలైంది. విక్టోరియా రాణికి ఆ రద్దీ పడలేదు. ఆమె వైట్ ద్వీపంలో వేరే భవనం చూసుకుంది, బ్రైటన్ రాజభవనాన్ని 1850లో ఊరివాళ్ళే కొనేసుకున్నారు. రాణి పోతే ఊరు పడిపోవాలి కదా, పడిపోలేదు. అప్పటికి దాన్ని పోషించేది రాణి కాదు, రైలు టికెట్టు.

టికెట్టు ఎంత పని చేయగలదో చూడాలంటే బ్లాక్‌పూల్‌కు వెళ్ళాలి. 1846లో రైలు వచ్చిన కొత్తలో అది చిన్న ఊరు, 1851లో రెండున్నర వేల జనం. 1901కి 47 వేలు. వెనక ఉన్నది లాంకషైర్ నూలుమిల్లులు. అక్కడ ఏడాదికోసారి ఒక్కో మిల్లు ఊరు వారం రోజులు పూర్తిగా మూతపడేది. బాయిలర్లు బాగుచేసుకోవడానికి యజమానికి అది వీలు, కార్మికుడికి జీతం లేని సెలవు. ఏడాది పొడవునా చిట్టీలా దాచుకున్న డబ్బుతో ఊరికి ఊరే రైలెక్కేది. ఒక వారం ఒక ఊరు, మరో వారం ఇంకో ఊరు. అలా బ్లాక్‌పూల్‌కు వేసవంతా గిరాకీ తెగేది కాదు. పక్కింటివాళ్ళే అక్కడా పక్క గదిలో దిగేవారు. సరుకులు అతిథి కొనుక్కొస్తే వండిపెట్టేది ఇంటామె. బల్ల మీది ఉప్పు, మిరియాల డబ్బీలకు కూడా విడిగా డబ్బు వసూలు చేస్తారని ఆ ఇంటామెల మీద బోలెడు ఛలోక్తులుండేవి. తమాషాకు అన్నా, ఈ పట్టణాన్ని నిలబెట్టింది చాలావరకు ఆ ఆడవాళ్ళ చాకిరీయే.

అదే రైలు వచ్చినా ఈస్ట్‌బోర్న్ ఇలా ఎందుకు కాలేదు? జవాబు భూమి పత్రాల్లో ఉంది. ఈస్ట్‌బోర్న్ నేలలో పెద్ద భాగం డెవన్‌షైర్ డ్యూకుది. ఎక్కడ ఎలాంటి ఇల్లు కట్టాలో, ఒడ్డున ఏ దుకాణం ఉండకూడదో ఆయన కౌలు షరతులే చెప్పేవి. బ్లాక్‌పూల్ నేల చిన్న చిన్న ముక్కలుగా ఎందరి చేతుల్లోనో ఉండేది. ఎవరి ముక్కలో వాళ్ళు ఎంతమందిని పడితే అంతమందిని దింపుకున్నారు, ఏ బండి పడితే ఆ బండి పెట్టారు. 1879లోనే అక్కడ ఒడ్డున విద్యుత్ దీపాలు వెలిగాయి, 1885లో విద్యుత్ ట్రాము నడిచింది, 1894లో 158 మీటర్ల టవర్ లేచింది. తరువాతి కాలంలో దీపాలంకరణను శరత్కాలానికి పెట్టి, వేసవి పోయాక కూడా జనాన్ని రప్పించుకున్నారు. సముద్రం చలేసినప్పుడు అమ్మడానికి వేరే సరుకు తయారుచేసుకున్నారన్నమాట.

ఇంతకాలం ఎవరూ ఎండకు రాలేదని గమనించాలి. ఆడవాళ్ళు గొడుగులతో వచ్చేవారు. ఫ్రాన్సులోని నీస్, కాన్ పట్టణాలకు ధనవంతులు వెళ్ళేది చలికాలంలో. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి ఒడ్డున చలి మెత్తగా ఉంటుంది. ఎండాకాలం రాగానే హోటళ్ళు మూసేసేవారు. తర్వాత నీల్స్ ఫిన్సెన్ అనే వైద్యుడు కాంతితో చర్మక్షయకు వైద్యం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. క్షయ ఆసుపత్రులు మంచాల్ని ఎండలోకి లాగాయి. 1920లకల్లా కమిలిన చర్మం కూలివాడి గుర్తు కాకుండా పోయి తీరికగలవాడి గుర్తైంది, రివియేరా అనే ఆ ఫ్రెంచి తీరంలో హోటళ్ళు వేసవిలో తెరిచాయి. మందుచీటీ మళ్ళీ ఒక ఋతువునే తిప్పేసింది.

తర్వాతి మలుపులు త్వరత్వరగా వచ్చాయి. 1936లో ఫ్రాన్సు, 1938లో బ్రిటన్ జీతంతో కూడిన సెలవులకు చట్టాలు చేశాయి. 1950లో వ్లాదిమిర్ రైట్జ్ అనే వ్యాపారి లండన్ నుంచి కోర్సికా దీవికి విమానం, గుడారం, భోజనం కలిపి 32 పౌన్ల 10 షిల్లింగులకు అమ్మాడు. ఎండ గ్యారంటీ ఉన్న చోటికి విమానం చవకయ్యాక, వానకు వణుకుతూ కూర్చునే బ్రిటిష్ ఒడ్డుకు ఎవరొస్తారు? 1970ల తర్వాత అక్కడి లాడ్జీలు ఎన్నో అద్దె గదులుగా, వృద్ధుల ఆశ్రమాలుగా మారాయి. స్పెయిన్‌లో చేపల ఊరు బెనిడోర్మ్ 1956లో నగర ప్రణాళిక వేసుకుని నిలువుగా పెరిగింది. మెక్సికోలో ఊరు లేకుండానే పట్టణం పుట్టింది: కేంద్ర బ్యాంకు నిపుణులు లెక్కలేసి కాన్‌కూన్ అనే ఇసుక దిబ్బను ఎంచుకున్నారు, 1970లో పనులు మొదలయ్యాయి, 1974లో మొదటి హోటళ్ళు తెరిచారు. 2020 జనగణన నాటికి అక్కడ 8.8 లక్షల పైన జనం.

ఇసుక దిబ్బ అన్నాను కదా, అక్కడ ఆగాలి. తీరం నిలిచి ఉండే నేల కాదు. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను పక్కకు నడిపిస్తూనే ఉంటాయి. తుఫాను వచ్చినప్పుడు ఒడ్డు వెనకున్న దిబ్బ తన ఇసుకను అప్పిస్తుంది, ప్రశాంత కాలంలో అలలు దాన్ని మెల్లగా తెచ్చి కడతాయి. అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో 1870లో ఒడ్డున వేసిన చెక్క దారి పుట్టిందే రైలుపెట్టెల్లోకి, హోటళ్ళలోకి కాళ్ళతో ఇసుక రాకుండా ఉండటానికి. చలికాలం రాగానే ఆ పలకలు ఊడదీసి దాచేవారు, తుఫానుల రోజుల్లో ఒడ్డును సముద్రానికి వదిలేసేవారు. కాంక్రీటు గోడను, దాని వెనకున్న ఇరవై అంతస్తుల్ని అలా ఊడదీయలేం. గోడకు కొట్టుకున్న అల వెనక్కి మళ్ళుతూ పాదం దగ్గరి ఇసుకను తోడుకుపోతుంది. వెనకున్న దిబ్బ మీద హోటలుంది కాబట్టి అప్పిచ్చేవాళ్ళు లేరు.

2005 అక్టోబరులో విల్మా తుఫాను కాన్‌కూన్ మీద రోజు పైగా కూర్చుంది. అది వెళ్ళాక చాలా హోటళ్ళ ముందు ఇసుక లేదు, రాయి తేలింది. 2006లో సముద్రగర్భం నుంచి ఇసుక తోడి గొట్టాలతో ఒడ్డున పోశారు. అది నిలవలేదు. 2009–10లో మళ్ళీ పోశారు.