'కాన్యన్' గద్ద పుట్టుపూర్వోత్తరాలు

ఒక కళాఖండం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో ఆరా తీయడం మామూలే. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ 1959లో చేసిన 'కాన్యన్' విషయంలో మాత్రం బొమ్మకంటే ముందు దానికి అమర్చిన గద్ద ఎవరింటిదో తేల్చాల్సి వచ్చింది. దాన్ని ఎవరు చంపారు, ఎప్పుడు చంపారు అన్న సంగతిని ఆ చిత్రకారుడు 1998లో నోటరీ ముందు రాసి సంతకం చేశారు. అప్పటికి బొమ్మ వయసు 39 ఏళ్ళు.

అటు చిత్రమూ కాని, ఇటు శిల్పమూ కాని ఇలాంటి పనులకు రౌషెన్‌బర్గ్ 'కంబైన్' అని పేరు పెట్టుకున్నారు. కాన్వాసు మీద రంగుతో పాటు కాగితాలు, గుడ్డ, అట్టపెట్టె, నొక్కేసిన రంగు ట్యూబు ఉంటాయి. కింద తాడుకు ఒక దిండు వేలాడుతుంటుంది. దాని పైన రెక్కలు విప్పిన నిజమైన గద్ద, లోపల దూది కూరి నిలబెట్టినది. రోజువారీ వస్తువులనూ ప్రకటనలనూ బొమ్మలుగా మలిచిన వార్హోల్, లిక్టెన్‌స్టైన్‌ల పాప్ ఆర్ట్ న్యూయార్క్‌లో పేరు తెచ్చుకోవడానికి ఇంకా రెండు మూడేళ్ళు ఉంది. వీధిలో దొరికిన వస్తువునూ అచ్చు కాగితాన్నీ తెచ్చి గోడకు ఎక్కించవచ్చన్న తెగువ వాళ్ళకు ఇక్కడి నుంచే అందింది. ఇందులో ఒక పిల్లవాడి ఫొటో కూడా ఉంది. చెయ్యి పైకెత్తిన ఆ బాబు రౌషెన్‌బర్గ్ కొడుకు క్రిస్టఫర్. గద్ద రూపంలో వచ్చిన జ్యూస్ దేవుడు గానిమీడ్ అనే బాలుణ్ని ఎత్తుకుపోయే గ్రీకు కథను రెంబ్రాంట్ 1635లో చిత్రించారు. ఏడుస్తున్న పసివాడు, పైన రెక్కలు, కిందికి వేలాడే బరువు. ఆ చిత్రాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూసే విమర్శకులు చాలామందే ఉన్నారు. నాకూ ఆ పోలిక నచ్చుతుంది. బొమ్మలోకి చిత్రకారుడి ఇల్లు ఎలా వచ్చిందో అది చెబుతుంది.

గద్ద మాత్రం వేరే ఇంటిది. 1898లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్‌తో కలిసి క్యూబాలో పోరాడిన 'రఫ్ రైడర్స్' దళంలోని ఒక సైనికుడు దాన్ని చంపి, కూరించి దాచుకున్నాడట. ఆ సైనికుడు న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ స్టూడియోల్లో ఉండేవాడు. ఆయన పోయాక సామానంతా బయట పడేశారు. అదే భవనంలో ఉండే చిత్రకారిణి సారీ డీన్స్ ఆ గద్దను చూసి, స్నేహితుడికి పనికొస్తుందని తెచ్చి ఇచ్చారు. చెత్తలోంచి తీసిన వస్తువుకు రసీదు ఎవరు రాసుకుంటారు?

ఆ రసీదు తర్వాత ప్రాణావసరమైంది. గద్దలను కాపాడేందుకు అమెరికాలో 1940లో చట్టం వచ్చింది. అంతకుముందు చచ్చిన పక్షి ఒంటి భాగాలను దగ్గర ఉంచుకోవచ్చు, కానీ అమ్మకూడదు, కొనకూడదు. బొమ్మను 1959లోనే కొనుక్కున్న ఇలియానా సొన్నాబెండ్‌కు వన్యప్రాణి శాఖ 1981లో దాన్ని ఉంచుకోనిచ్చింది. 1998లో చిత్రకారుడి వాంగ్మూలం కావలసి వచ్చింది. బొమ్మను మ్యూజియంలో ప్రజలకు చూపుతూ ఉండాలన్నది షరతు. అందుకే అది ఏళ్ళ తరబడి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అరువు మీద ఉంది.

ఇలియానా 1914లో బుకారెస్ట్‌లో పుట్టారు. ఆమె మొదటి భర్త లియో కాస్టెల్లీ. 1957లో ఆయన గ్యాలరీ తెరిచింది మామగారింట్లోనే. అమెరికన్ పాప్ ఆర్ట్‌కు పెద్ద గడపగా మారిన గ్యాలరీ అది. విడిపోయాక ఇలియానా మైకేల్ సొన్నాబెండ్‌ను పెళ్ళాడి, 1962లో పారిస్‌లో సొంత గ్యాలరీ పెట్టి, ఈ కొత్త అమెరికన్లను ఐరోపాకు పరిచయం చేశారు. 2007 అక్టోబరులో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆస్తి కూతురు నీనా సన్‌డెల్‌కూ, దత్తపుత్రుడు ఆంటోనియో హోమెమ్‌కూ వచ్చింది.

మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ, అంటే పోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను, 1985లోనే రద్దయింది కాబట్టి తర్వాతి చిక్కు మనకు వింతగా ఉంటుంది. అమెరికాలో పెద్ద ఆస్తి వదిలి పోతే, వారసులకు అందేలోపే దాని మీద పన్ను కట్టాలి. వీళ్ళు ఫెడరల్, రాష్ట్ర పన్నులు కలిపి 47.1 కోట్ల డాలర్లు కట్టారు. అందుకోసం దాదాపు 60 కోట్ల డాలర్ల విలువైన కళాఖండాలు అమ్మారు. 'కాన్యన్'కు ముగ్గురు మదింపుదారులు కట్టిన విలువ సున్నా. మార్కెట్ ధర అంటే ఇష్టపడి కొనేవాడికీ ఇష్టపడి అమ్మేవాడికీ కుదిరే ధర, ఇక్కడ అమ్మితే జైలు. పన్నుల శాఖ ఒప్పుకోలేదు. ముందు 1.5 కోట్ల డాలర్లంది, 2011లో దాన్ని 6.5 కోట్లు చేసింది. పన్ను 2.92 కోట్లు, పైన జరిమానా 1.17 కోట్లు కట్టమంది.

శాఖకు సలహా ఇచ్చిన కళా నిపుణులు చట్టపు అడ్డంకిని పక్కనపెట్టి, కళాఖండంగా దాని గొప్పతనాన్నే చూశారు. అంత గొప్ప పనికి సున్నా అనడానికి వాళ్ళకు మనసొప్పలేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, సగం వాళ్ళ పక్షమే. కానీ అమ్మితే నేరమని ఒక శాఖ చెబుతుంటే, అమ్మితే ఇంత వస్తుంది కాబట్టి పన్ను కట్టమని ఇంకో శాఖ అడగడం ఏ న్యాయమో నాకు తెలియదు. ఆ కుటుంబం డబ్బున్నదే కావచ్చు. అయినా ఒకే ప్రభుత్వం ఒకే వస్తువుకు రెండు నాలుకలతో మాట్లాడకూడదు.

2012లో రాజీ కుదిరింది. పన్ను అడగరు, కుటుంబం బొమ్మను మ్యూజియానికి ఇచ్చేస్తుంది, ఆ దానానికి పన్ను మినహాయింపు కోరదు. ఏళ్ళుగా తన దగ్గరే ఉన్నదాన్ని మెట్రోపాలిటన్ ఆశించింది, కానీ అది మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కు దక్కింది. సంస్థాపక దాతల జాబితాలో ఇలియానా పేరు చేరుస్తామని, ఆమె మీద ఒక ప్రదర్శన పెడతామని ఆ మ్యూజియం మాట ఇచ్చింది. 2013 డిసెంబరులో ఆ ప్రదర్శన తెరుచుకుంది. ఇప్పుడు 'కాన్యన్' పక్కన దాత పేరుగా ఉన్నది ఇలియానా సొన్నాబెండ్ కుటుంబం.